ఏడో పేరు

మీరే చేశారు ఇది. కాంట్రాక్టరు లక్ష్మీప్రసాద్, నువ్వు. హాజరు బుక్కు చంకలో పెట్టుకు తిరిగే మున్షీ మురళీధర్, నువ్వు. ఏడాదికోసారి జీపులో దిగి, చాయ్ తాగి, ఆ బుక్కు చివరి పేజీలో సంతకం గీకి పోయే లేబరు ఆఫీసరు గారూ, మీరు. ఒక ఆడమనిషిని మూడున్నరేళ్ళపాటు కొంచెం కొంచెంగా చెరిపేశారు. దానికి మీకు కత్తి అక్కర్లేకపోయింది. పెన్ను చాలింది. బెల్లం పంచిన చెయ్యి కూడా ఒకటుంది దీంట్లో. దాని సంగతీ దాచేది లేదు.

బుధవారం పొద్దున్న రెండో నెంబరు భట్టీ తెరిచారు. ఉక్కు కరిగించే కొలుములకి లోపలి గోడ కట్టే ఇటుకలు కాల్చే కార్ఖానా అది. భిలాయిలో ఇండస్ట్రియల్ ఏరియా చివర, రైలు పట్టాలకి ఇవతల నాలుగు రేకుల షెడ్లు, రెండు భట్టీలు. మూడు రోజులు చల్లారాల్సిన భట్టీని రెండో రోజే తెరిచారు, బయట లారీ నిలబడి ఉందని. భట్టీ నోటి దగ్గర్నుంచి లారీదాకా ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. ఇటుక ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోతుంది. ఒక్కోటి నాలుగు కిలోలు. చెయ్యి కాలకుండా సైకిలు ట్యూబు ముక్క కోసి, వేళ్ళు పట్టేలా రెండు కన్నాలు పెట్టి తొడుక్కుంటారు. కాంట్రాక్టరు ఇచ్చినవి కావు. సైకిలు షాపుల వెనకాల ఏరుకొచ్చుకున్నవి.

ఇటుకలకి అచ్చు పోసే షెడ్డులో పనిచేసే గున్నమ్మ నీళ్ళ బకెట్టు పట్టుకొచ్చింది. వరసలో మూడో మనిషి అమ్ముతల్లి. ఆమె చేతులకి ట్యూబు లేదు.

ఇటుక వచ్చింది. అమ్ముతల్లి రెండు అరచేతులతో అందుకుంది, నడుం తిప్పింది, పక్కామెకి ఇచ్చింది. మళ్ళీ ఇటుక వచ్చింది. అందుకుంది. మొహంలో ఏమీ లేదు. కందిపప్పు ఏరుకునేటప్పుడు ఉండే మొహం. గున్నమ్మకి ముందు వాసన తగిలింది, తర్వాత అర్థమైంది. బకెట్టు కింద పడేసి పరిగెత్తి మణికట్లు పట్టుకుంది.

“ఒలె! సేతులు కాలిపోతన్నాయే!”

అమ్ముతల్లి తన చేతుల్లోకి చూసింది. ఎర్రగా తోలు లేచిపోయి ఉంది.

“ఎవరియి?” అంది.

వరసలో ఎవరో నవ్వారు. ఆమె వేళాకోళానికి అంటోందనుకున్నారు. గున్నమ్మకి నవ్వు రాలేదు. ఆ మనిషిని ఈడ్చుకుపోయి నీళ్ళ డ్రమ్ము దగ్గర కూచోబెట్టి చేతులు ముంచింది. నీళ్ళు తగిలినప్పుడైనా ఉలిక్కిపడాలి. పడలేదు.

“ఏటయ్యిందే నీకు?”

“ఏటీ లేదప్పా.”

“మరి సెయ్యి కాల్తంటే తెల్దా?”

అమ్ముతల్లి డ్రమ్ములోకే చూస్తూ చెప్పింది. “కాల్తంది. కాల్తన్నట్టు తెలస్తంది. నాకు కాదు కాల్తంది. నాను లేనప్పా.”

“లేకపోడమేటే? ఎదురుగా కూకుని మాటాడతన్నావు గదా!”

“మాటాడతంది నాను కాదు. బువ్వ తింటే నోట్లో ఏటో ఉంటాది. రుసుండదు. పొద్దున్న అద్దంలో సూసి బొట్టెట్టుకుంటే ఎవురికో ఎడతన్నట్టుంది.” ఏడుస్తూ చెప్పలేదు. బస్సు ఎన్నింటికని అడిగితే చెప్పినట్టు చెప్పింది. “కూతురు అమ్ము కుమ్హారీ ఊరు ఎల్లిపోనాది అత్తోరింటికి. మరింక అమ్మా అని పిలిసీవోలు నేరు. నాను లేకపోయినా పనైపోతంది. సూడు, ఇటికెలు ఎల్లిపోతన్నాయి.”

నిజమే. వరసలో ఆమె వదిలిన ఖాళీ అప్పుడే పూడిపోయింది. ఇటుకలు వెళ్ళిపోతున్నాయి.

మున్షీ మురళీధర్ సైకిలు దిగాడు. వాడి తాత విజయనగరం నుంచి వచ్చాడు గాని వీడికి తెలుగు అరకొరే. చేతులు చూశాడు, మొహం తిప్పుకుని గున్నమ్మతో అన్నాడు. “బర్నాల్ లగా దో. మౌసీ, సునో. సోమ్‌వార్ నుంచి నయా నామ్. ఇరవై రెండు. చెప్తాను, యాద్ చేసుకో.”

గున్నమ్మకి చదువు రాదు. కాని ఇరవై రెండు పేర్లు ఒక్కసారి వింటే చాలు, మళ్ళీ వరస తప్పకుండా అప్పజెప్పగలదు. ఆ తెలివికే ఆమెని భట్టీ దగ్గర్నుంచి తప్పించి నీడపట్టున అచ్చుల షెడ్డులో వేశారు. మున్షీ వేళ్ళు మడుస్తూ చెప్పుకుపోయాడు. గున్నమ్మ పెదవులు కదుపుతూ విన్నది. ఆమెకి కొత్త పేరు మణిమాల. అమ్ముతల్లికి అహల్య.

ఈ పేర్ల గొడవేమిటో తెలియనివాళ్ళు వినండి. ఏడాదిలో రెండొందల నలభై రోజులు పనిచేసిన మనిషిని ఊరికే తీసెయ్యడానికి లేదు, నోటీసు ఇవ్వాలి, జవాబు చెప్పాలి. చట్టం అలా అంటుంది. అందుకని లక్ష్మీప్రసాద్ ఏడు నెలలకోసారి బుక్కులో పేర్లు మార్చేస్తాడు. మనుషులు వాళ్ళే. భట్టీ అదే. కాగితం మీద మాత్రం ఇరవై ఇద్దరు మానేశారు, ఇంకో ఇరవై ఇద్దరు కొత్తగా చేరారు. తొంభైరెండులో పవర్‌హౌస్ స్టేషను దగ్గర కార్మికుల మీద పోలీసు తుపాకులు పేలిన ఏడాది మొదలుపెట్టాడు ఇది. అప్పుడు నోరెత్తే గుండె ఎవరికుంది? పని ఉంటే చాలనుకున్నారు.

అమ్ముతల్లి ఆ ఏడాదే చేరింది. చేరిన రోజే, అంతకుముందు పని మాని ఊరెళ్ళిపోయిన కామాక్షమ్మ పేరు మీద నిలబడింది. తర్వాత భాగ్యరేఖ. తర్వాత జ్యోత్స్న. ఇంకో మూడు. ఇప్పుడు ఏడోది.

బెల్లం గున్నమ్మదే. మొదటిసారి పేర్లు మారిన రోజు ఆడవాళ్ళు మొహాలు వేలాడేసుకుని నిలబడితే ఆమెకి మనసొప్పలేదు. కొంగులోంచి బెల్లం ముక్క తీసి, ఒక్కొక్కరి చెవి దగ్గర నోరుపెట్టి కొత్త పేరు మూడుసార్లు చెప్పి, “బారసాల అయిపోయింది, కెవ్వుమనమ్మా పాపాయీ!” అంది. ముసలాళ్ళు కూడా పసిపిల్లల్లా కెవ్వుమన్నారు. పడీపడీ నవ్వారు. అప్పట్నుంచి అదొక ఆనవాయితీ. అమ్ముతల్లి కెవ్వుమంటే భట్టీ మీది పావురాలు లేచిపోయేవి. పోయినసారి మాత్రం ఆమె నోరు తెరిచింది, చప్పుడు రాలేదు. తెరిచిన నోట్లో గున్నమ్మ బెల్లం ముక్క పెట్టేసి పక్కామె దగ్గరికి పోయింది.

సోమవారానికి ఇంకా ఐదు రోజులు. అహల్య అని చెవిలో చెప్తే ఈ మనిషిలో ఇంకేం మిగలదని గున్నమ్మకి ఎందుకో గట్టిగా అనిపించింది.

*

గురువారం పని మానిపించి యూనియను వాళ్ళ దవాఖానాకి తీసుకుపోయింది. కిటికీ దగ్గర కూచున్నాయన కాగితం ముందుకు లాక్కుని తలెత్తకుండా, “నామ్?” అన్నాడు.

అమ్ముతల్లి నిలబడింది.

“నామ్ బోలో, బాయీ. పీఛే లైన్ హై.”

అమ్ముతల్లి పెదవులు కదిలాయి. ఏదో వెతుకుతున్నట్టు కదిలి ఆగిపోయాయి. గున్నమ్మ చెప్పడానికి నోరు తెరిచింది.

తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. తెలియదు. మూడున్నరేళ్ళు ఒక డబ్బాలో అన్నం తిన్నారు. ఈమె కూతురి పెళ్ళికి గున్నమ్మ మంగళహారతి పట్టింది. ఈమె ఏ కాలికి ఆనె ఉందో తెలుసు. ఏ పన్ను పుచ్చిందో తెలుసు. పేరు తెలియదు. మొదటిరోజు కామాక్షమ్మ అన్నారు, పంపు దగ్గర అమ్ముతల్లి అన్నారు, మొగుడు నూకరాజు “ఏటే” అంటాడు. అడగవలసిన అవసరమే రాలేదు.

“అమ్ము కీ మా,” అంది చివరికి. ఆయన అదే రాసుకున్నాడు.

లోపల డాక్టరమ్మ చేతులకి మందు రాసి కట్టు కట్టింది. తొందరపడకుండా అడిగింది. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, చచ్చిపోవాలని ఉందా. ఆ చివరిదానికి అమ్ముతల్లి, “లేనిది ఏటి సచ్చిపోద్ది?” అంది. గున్నమ్మ దాన్ని హిందీలోకి చెప్పలేక చెప్పింది. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

ఇది పిచ్చి కాదని చెప్పింది. మడిచి కూచుంటే కాలు తిమ్మిరెక్కినట్టు మనసు కూడా తిమ్మిరెక్కుతుందట. మాత్రలు ఇచ్చింది. ప్రతి గురువారం రావాలి, ఆమెని ఒంటరిగా వదలకూడదు, ఇంట్లో వాళ్ళకి చెప్పాలి. లేచి వస్తుంటే గున్నమ్మని ఆపి, “ఈమెని చిన్నప్పట్నుంచి ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?” అని అడిగింది.

బయట వేపచెట్టు కింద గున్నమ్మ అడిగింది. “ఒలె, నీ పేరేటే?”

అమ్ముతల్లి గుడ్డ చుట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

“ఏ పేరప్పా?”

వేళాకోళం కాదు. నిజంగానే అడిగింది.

ఆ సాయంత్రం గున్నమ్మ నూకరాజుని సైకిలు ఆపి నిలబెట్టి అంతా చెప్పింది. అతను సిమెంటు గోడౌను నుంచి వస్తున్నాడు, కనురెప్పలు కూడా తెల్లగా ఉన్నాయి. విన్నాడు. “నాతో ఏటీ అన్లేదే,” అన్నాడు. సైకిలు గంట మీది దుమ్ము బొటనవేలితో తుడుస్తూ, “రేత్రి అన్నం నానొండుతాను,” అన్నాడు. అంతకంటే ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. మాత్రలు మాత్రం గంట కొట్టినట్టు వేళకి వేశాడు.

*

అమ్ముతల్లికి చరోదా రైల్వే కాలనీలో సొంత అక్క ఉంది, కోటమ్మ. ఆమె మొగుడు రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఆదివారం గున్నమ్మ అమ్ముతల్లిని టెంపోలో ఎక్కించింది. దారంతా ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది గాని ఏమీ చూడలేదు.

క్వార్టర్ల మధ్య పంపు దగ్గర కోటమ్మ బట్టలు ఉతుకుతోంది. తలెత్తింది. చేతిలో దుప్పటి చేతిలోనే ఉంది.

“ఒలె అసిరీ!”

పంపు దగ్గరున్న ఆడవాళ్ళంతా తిరిగి చూశారు. అమ్ముతల్లి తల కూడా తిరిగింది. ఈ ఐదు రోజుల్లో ఆమె తల తనంతట తానే తిరగడం గున్నమ్మ చూడ్డం అదే మొదలు.

“ఏటే అసిరీ, ఇలగైపోనావేటే! సేతులకేటయ్యింది? తిండెట్టట్లేదేటి ఆ నూకరాజు? రా, ఇలా రా, ఎండలో కూకో. ఓలమ్మ, తల సూడు, పిసికేసిన కొబ్బరి పీసునాగుంది!”

కోటమ్మ చెయ్యి ఆగే మనిషి కాదు, నోరూ అంతే. చెల్లెల్ని గడపలో కూచోబెట్టి, తను వెనక పీట వేసుకుని, గిన్నెతో నూనె తెచ్చి తల అంటడం మొదలుపెట్టింది. “అసిరీ, మెడ వంచు. అసిరీ, ఇటు తిరుగు. బుర్ర కదపకే అసిరీ!” ఊరిమీద మాటలన్నీ చెప్పింది. చిన్నప్పుడు ఈ పిల్ల గేదెల్ని అదిలిస్తే మూడు పొలాల అవతల ఉన్నవాళ్ళు కర్రలు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవారట, పామేమోనని.

“ఈ పేరు ఎవురూ ఎరగరేటి భిలాయిలో?” అని గున్నమ్మ అడిగితే కోటమ్మ ముక్కున వేలేసుకుంది. “ఎలగెరుగుతారు? అత్తగారూ అసిరమ్మే గదా. అత్త పేరెట్టి కోడల్ని కేకేత్తే తప్పని పెళ్ళి పీటల మీదే మార్సేసినారు. సరోజిని అన్నారు. ఆ పేరు మాకూ నోరు తిరగనేదు, ఆల్లకీ తిరగనేదు. పిల్ల పుట్టీసరికి అమ్ముతల్లైపోనాది. అత్త పోయి ఏడేళ్ళైనాది. తీసేసిన పేరు తిరిగి ఇచ్చీవోలేరీ?”

గున్నమ్మ గోడకి చేరగిలబడింది. ఇంట్లో ఒకసారి తీసుకున్నారు. కార్ఖానాలో ఆరుసార్లు. తీసుకున్న ప్రతిసారీ ఎవరో మిఠాయి పంచారు.

కోటమ్మ రెండోసారి నూనె పోసింది, మాడు మీద అరచేత్తో అద్దింది. అమ్ముతల్లి కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి.

“సల్లగుందప్పా,” అంది.

“ఉండదేటి మరి? కొబ్బరినూనె!” అంది కోటమ్మ, ఆ మాట విలువ తనకి తెలియక.

తిరిగొచ్చేటప్పుడు టెంపోలో గున్నమ్మ చెప్పింది. “బెల్లం నానే ఎట్టినాను నీ నోట్లో. నువ్వు నోరు తెరిసినావు, నాను మూసేసినాను.” అమ్ముతల్లి కట్టు కట్టిన చెయ్యి తీసి గున్నమ్మ మోకాలి మీద పెట్టింది. తీసెయ్యలేదు. పెట్టడం తప్ప ఇంకేం చెయ్యాలో తెలియనట్టు అలాగే ఉంచింది.

పొద్దుకూకేలోపు గున్నమ్మ బస్తీలో ఇరవై గడపలు తొక్కింది. ప్రతి గడపలో ఒకటే ప్రశ్న. “అసలు పేరేటే నీది?” ఒకామె నవ్వింది. ఒకామె, “దేనికప్పా, ఏటైనా కార్డిత్తన్నారా?” అంది. పొయ్యి దగ్గర కూచున్న ఒక ముసలామె రెండుసార్లు తప్పు చెప్పి, తల కొట్టుకుని, మూడోసారి సరిగ్గా చెప్పింది.

*

సోమవారం పొద్దున్న గేటు దగ్గర మంచు ఇంకా విడలేదు. ఆడవాళ్ళు శాలువాలు కప్పుకుని నిలబడ్డారు.

“గున్నమ్మప్పా, బెల్లమేదీ?”

“తేలేదు.”

“ఏటీ, బారసాల లేదా?”

“పసిపిల్లలెవురూ లేరిక్కడ,” అంది గున్నమ్మ.

మురళీధర్ కొత్త బుక్కు తెరిచాడు. కాగితం వాసన ఇంకా పోలేదు. “మణిమాలా!”

హాజిర్ అనాలి. ఎవరూ అనలేదు.

“మణిమాలా! మౌసీ, నీదే అది. భూల్ గయీ క్యా?”

“మణిమాల ఎవురో రాలేదు బావూ. గున్నమ్మ వొచ్చినాది. రాసుకో.”

వాడు నవ్వబోయాడు. గున్నమ్మ వాడి మొహం చూడలేదు. ఆడవాళ్ళ వేపు తిరిగి, ఒక్కొక్కరినీ చూస్తూ, పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. గట్టిగా కాదు. బియ్యం కొలిచేటప్పుడు లెక్క పెట్టినట్టు. పేరు విన్న మనిషల్లా భుజం కొంచెం నిటారు చేసుకుంది. ఇద్దరు తలొంచుకుని గేటు లోపలికి వెళ్ళిపోయారు, కొత్త పేర్లు చెప్పి. వాళ్ళని తిట్టుకోకండి. ఒకామె మొగుడు మంచాన ఉన్నాడు, రెండో ఆమెకి భయం.

ఇరవై ఒకటి చెప్పి గున్నమ్మ ఆగింది.

మురళీధర్ ఈ లోపల వేలితో వరస వెంట కిందికి పోతున్నాడు. “అహల్యా! అరే, అహల్య ఎవరు?”

అమ్ముతల్లి వరస చివర నిలబడి ఉంది. కళ్ళు గేటు చువ్వల మీద. అందరూ గున్నమ్మని చూశారు. ఆమె అసలు పేరు గున్నమ్మ నాలుక చివరే ఉంది. చెప్పేస్తే ఒక్క క్షణం పని. కాని ఆ మనిషికి పేరు చెప్పనివాళ్ళెవరు? అత్తవారు చెప్పారు, మున్షీ చెప్పాడు, గున్నమ్మ చెవిలో చెప్పింది. మళ్ళీ తనే చెప్తే అది ఎనిమిదోదవుతుంది. గున్నమ్మ పెదవి పళ్ళకింద పెట్టుకుని ఊరుకుంది. జీవితంలో ఆమె చేసిన కష్టమైన పనుల్లో అదొకటి.

పక్క మిల్లులో సైరను మోగి ఆగిపోయింది. లక్ష్మీప్రసాద్ స్కూటరు వచ్చి ఆగింది. దిగకుండానే, “ఏటమ్మా, పొద్దున్నే పంచాయితీ?” అన్నాడు. వాళ్ళ యాసే, వాళ్ళ ఊరి మనిషే. “మీ పేర్లతో నాకేటి పనమ్మా? పనికి పేరెందుకు? కూడు దొరుకుతందా నేదా? లోపలికి నడవండి.”

ఎవరూ నడవలేదు. లోపలికీ పోలేదు, ఇంటికీ పోలేదు.

అమ్ముతల్లి వరసలోంచి ఒక అడుగు ఇవతలికి వేసింది. ఆగింది. ఇంకోటి వేసింది. నేల గట్టిగా ఉందో లేదో చూసుకుంటున్నట్టు నడిచి బుక్కు దగ్గరికి వచ్చింది. కట్టు లోంచి బయటికి ఉన్న వేలు తెల్ల కాగితం మీద పెట్టింది.

“అసిరి,” అంది.

నెమ్మదిగానే అంది. మురళీధర్‌కి వినపడింది, వెనకవాళ్ళకి వినపడలేదు. వాడు యజమాని వేపు చూశాడు. ఆమె వేలు తియ్యలేదు. పచ్చి చర్మం కాగితానికి రాసుకుంటోంది.

“అబ్బ,” అంది. చెయ్యి లాక్కుని చూసుకుంది. “మండతందప్పా,” అంది గున్నమ్మతో, ఆశ్చర్యంగా.

“మండుద్ది మరి,” అంది గున్నమ్మ. “నీ సెయ్యే గదా.”

మేడలేమీ కూలిపోలేదు ఆ పూట. భట్టీ ఆగింది, అంతే. లక్ష్మీప్రసాద్ బుక్కు మూయించి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు గేటు ముందు దుమ్ములో కూచున్నారు. అసిరి వాళ్ళ మధ్య కూచుంది. ఇంకా సగమే వచ్చింది మనిషి. మళ్ళీ గురువారం డాక్టరమ్మ దగ్గరికి పోవాలి. మధ్యమధ్యలో ఆమె చూపు ఎటో పోతోంది, పక్కనున్నవాళ్ళు “అసిరీ” అంటున్నారు, చూపు తిరిగి వస్తోంది.

కాబట్టి ఆ బుక్కు తెరువు, లక్ష్మీప్రసాద్. ఈవాళే తెరువు. మొదటి గీత మీద అసిరమ్మ అని రాయించు, తొంభైరెండు నుంచి అని రాయించు. కామాక్షమ్మ చేసిన రోజులు, భాగ్యరేఖ చేసిన రోజులు, జ్యోత్స్న చేసిన రోజులు, అన్నీ ఆమె రెండు చేతులే చేశాయి, అన్నీ ఆమెకే రాయించు. కింద ఇరవై ఒక్క గీతలు ఉన్నాయి, అవీ నింపు. ఆఫీసరు గారూ, చాయ్ తర్వాత తాగండి, ముందు గేటు బయటికొచ్చి ఒక్కొక్కరి మొహం చూసి పిలవండి. ఇక మిగతావాళ్ళు, ఏ షెడ్డులో ఏ భట్టీ దగ్గర ఉన్నా సరే, రేపు పనిలోకి దిగే ముందు పక్కన నిలబడ్డ మనిషిని ఒక్క మాట అడగండి. నీ పేరేటి అని. ఆమె చెప్పేదాకా అక్కడే నిలబడండి.